సీతారామపురం ప్రాంతంలో వీడియో గేమ్: వయసు, పరికరం, అలవాటు

వయసుతో పాటు ఆట మారడం వీడియో గేమ్‌తో మొదలైన పరిణామం కాదు. నెల్లూరు జిల్లా పశ్చిమాన వెలిగొండలను ఆనుకొని ఉన్న సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలోనూ, తక్కిన తెలుగు పల్లెల్లోవలెనే, గోళీలు, బిళ్లంగోడు బాల్యానివి. మూడు పులులు, పదిహేను మేకల పులిజూదం అరుగు మీద పెద్దల కాలక్షేపం. పేకాట చేతిలో డబ్బు ఆడే వయోజనులది. తెర మీది ఆట ఈ వరుసను చెరిపివేసిందన్న అభిప్రాయం బలంగా ఉంది. 1980ల చివర, 1990ల తొలినాళ్లలో జన్మించిన తరాన్ని పరిశీలిస్తే అది సగమే నిజమని తేలుతుంది.

ఆ తరం ఎరిగిన తొలి వీడియో గేమ్ టీవీకి తగిలించే క్యాసెట్ల పెట్టె. జపానులో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫామికామ్‌కు అనుకరణలుగా తయారైన చవక యంత్రాలు 1990లలో భారతదేశపు విపణిలో అమ్ముడయ్యాయి. క్యాసెట్ మీద లక్షల ఆటలున్నట్లు ముద్రించినా, లోపల ఉన్నవి కొద్దిపాటివే. అవే పేర్లు మార్చుకొని తిరిగి వచ్చేవి. టీవీయే అన్ని ఇళ్లలో లేని పల్లెల్లో ఈ పెట్టె సహజంగానే నలుగురి వస్తువు. మారియోలో ఒకరి ప్రాణం పోతే రెండవవారి వంతు. కాంట్రాలో ఇద్దరూ కలిసి నడవవచ్చు. ఆటను భద్రపరచుకొనే వసతి వీటిలో లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. వేసవి కోతల నాళ్లలో దీని అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు. వంతు కోసం కాచుకోవడం, పెద్దవాడి ఆట చూసి నేర్చుకోవడం గోళీల గుంట దగ్గరి నియమాలే. అవే టీవీ ముందుకు వచ్చి కూర్చున్నాయి.

పదవ తరగతి, ఇంటర్మీడియట్ ఆ అలవాటుకు గండి కొట్టాయి. మిగిలినవి గంటకింతని చెల్లించే ఇంటర్నెట్ సెంటర్లు, ఇంట్లో పెద్దల ఫోనులోని పాము ఆట. 2003లో వచ్చిన నోకియా 1100తో పాము ఆట పల్లెకూ పరిచితమైంది. అది ఒంటరి ఆట. బస్సు కోసం నిలుచున్న పది నిమిషాలకు సరిపోయేది. ఇంటర్నెట్ సెంటర్లు ప్రధానంగా మగపిల్లల తావులు కావడంతో ఈ దశలో ఆడపిల్లల చరిత్ర దాదాపు వేరు. దానిని విడిగా రాయవలసి ఉంది.

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై డేటా చవకైంది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. నలుగురు ఒక జట్టుగా, పరస్పరం మాట్లాడుకుంటూ ఆడే వీలు ఇందులో ఉంది. ఉపాధికై హైదరాబాదు, బెంగళూరు చేరినవారు ఊళ్లో ఉన్న మిత్రులతో రాత్రివేళ ఒకే జట్టు కాగలిగారు. ఉద్యోగంతో ఆట మానవలసిన వయసులో, పాము ఆట దూరం చేసిన సావాసం తిరిగి రావడం గమనార్హం.

కోవిడ్ కాలపు ఆన్‌లైన్ తరగతులతో పిల్లల చేతికీ ఫోను చేరింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ ఒకటి. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరిస్తూ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించే ఆర్డినెన్సు తెచ్చింది. పాత వరుసలోని బాల్యపు మెట్టు, వయోజనుల మెట్టు ఒకే నెలలో నిషేధానికి గురయ్యాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటినుండి వేరుచేసింది.

వరుస చెరగలేదు, మారియో ఆడిన పిల్లవాడు రమ్మీ వయసుకు వచ్చాడు. మారినది సాక్ష్యం. అరుగు మీది పేకాటకు నలుగురి కళ్లుండేవి. ఎవరు ఎంత పోగొట్టుకున్నదీ మర్నాటికి వీధికి తెలిసేది. ఫోనులో పోయిన సొమ్ము, అప్పులవాడు గడప తొక్కేదాకా, పక్కనే పడుకున్న భార్యకు సైతం తెలియకపోవచ్చు.