రోగిచరిత్ర: కాగితము నుండి కంప్యూటరునకు

మన పట్టణములలో ఏ వైద్యశాల వాకిట చూచినను, మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితములు, అంచులు చిరిగిన ఎక్స్‌రే కవర్లు అన్నియు ఒక సంచిలో కుక్కుకొని, తన వంతునకై బెంచీపై కాచియున్న రోగి యొకడు కానవచ్చును. అతని పదియేండ్ల ఆరోగ్యచరిత్ర ఆ సంచియందే యున్నది. సంచిని బస్సులో మరచినచో చరిత్రయు బస్సుతోడనే పోవును.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమునందలి సుప్రసిద్ధమైన మేయో క్లినిక్కులో సైతము, 1907కు పూర్వము ఏ వైద్యుని చిట్టా ఆ వైద్యునిదే. ఒకే రోగిని మువ్వురు పరీక్షించినచో అతని వృత్తాంతము మూడు పుస్తకములలో మూడు ముక్కలై యుండెడిది. హెన్రీ ప్లమ్మర్ అను వైద్యుడు ప్రతిరోగికిని ఒక సంఖ్య నిచ్చి, అతనికి సంబంధించిన కాగితముల నన్నిటిని ఆ సంఖ్యగల ఒకే ఫైలులో చేర్పించెను. చూచుటకు గుమాస్తాపనివలె తోచు ఈ మార్పే నేటి కంప్యూటరు రికార్డులకు మూలకందము.

ఫైలు ఒకటైనంతమాత్రమున అందలి వ్రాత చదువదగినది కాలేదు. 1968లో లారెన్స్ వీడ్ అను వైద్యుడు, కేసు షీటు తేదీల వరుసను గాక రోగి సమస్యల వరుసను అనుసరింపవలెననియు, ఒక్కొక్క సమస్యక్రింద రోగి చెప్పినది, వైద్యుడు కనుగొన్నది, అతని నిర్ణయము, చేయదలచిన చికిత్స అను నాలుగంగములు వేర్వేరుగా నుండవలెననియు వాదించెను. వైద్యవిద్యార్థులు నేటికిని ఈ క్రమమునే అభ్యసించుచున్నారు. ఆ దశకముననే బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రియందు మంప్స్ అను కంప్యూటరు భాష పుట్టెను. గవదబిళ్ళలను స్ఫురింపజేయు పేరుగల ఆ భాష ఇప్పటికిని అనేక ఆసుపత్రుల సాఫ్ట్‌వేరునకు పునాదియై యున్నది.

1972లో ఇండియానాపొలిస్ నగరమున క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అను వైద్యుడు ఆరంభించిన కంప్యూటరు రికార్డు విధానము మరియొక సంగతిని బయటపెట్టెను. 1976లో ఆయన ప్రకటించిన పరిశీలన ప్రకారము, రోగికి చేయదగినదానిని గూర్చి కంప్యూటరు హెచ్చరించినపుడు వైద్యులు నూటికి 51 సందర్భములలో తగిన చర్య తీసికొనగా, హెచ్చరింపనపుడు 22 సందర్భములలో మాత్రమే తీసికొనిరి. వారికి విద్య కొరవడి కాదు. ఒక్క పూటలో అంతమందిని చూచుచు సర్వమును జ్ఞాపకముంచుకొనుట మానవమాత్రునికి సాధ్యము కాకుండుటచేతనే.

ఈ చరిత్రయంతటిలో అమెరికా ప్రభుత్వము నడపు మాజీ సైనికుల ఆసుపత్రుల ఘట్టము నాకు మిక్కిలి ముచ్చటైనది. 1970 దశకము చివర, పై కార్యాలయమువారి అసమ్మతిని లెక్కింపక, ఆయా ఊళ్ళ ఆసుపత్రులలోని వైద్యులును ప్రోగ్రామర్లును ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒకరు కోరినదానిని మరియొకరు వ్రాయుచు, తమకు కావలసిన సాఫ్ట్‌వేరును తామే అల్లుకొనిరి. కట్టడపు పనివారి గట్టిటోపీలను తలచుకొని తమకు ‘హార్డ్‌హ్యాట్లు’ అని పేరు పెట్టుకొనిరి. 1982లో ఆ పని అధికారికమయ్యెను. కాలక్రమమున అదియే విస్టా అను పేర ప్రసిద్ధికెక్కెను. టొపీకా పట్టణమునందలి ఒక నర్సు, అద్దెకారును తిరిగి ఇచ్చునపుడు అచ్చటివారు చేతియంత్రముతో బార్‌కోడు చదువుట చూచి, ఇదే పని రోగి ముంజేతిపట్టీకిని మందుపొట్లమునకును ఏల చేయరాదని తలచెను. ఒకరి మందు మరియొకరికి పోకుండ కాపాడు ఏర్పాటు ఆ తలపునుండియే వచ్చెను. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్సును ముంచినపుడు, ఎందరి కాగితపు రికార్డులో నీటిపాలు కాగా, చెదరిపోయిన మాజీ సైనికుల చరిత్రలు మాత్రము వారు తలదాచుకొన్న ఊళ్ళలోని వైద్యులకు అందెను.

అమెరికాలోని ప్రైవేటు వైద్యులు మాత్రము కదలలేదు. 2008లో ప్రకటితమైన సర్వే ననుసరించి, సంపూర్ణమైన కంప్యూటరు రికార్డు విధానము నూటికి నలుగురికే యుండెను. ఖర్చు వైద్యునిది, లాభము బీమా కంపెనీది యైనపుడు ఎవరు కొందురు? 2009లో ప్రభుత్వము హైటెక్ చట్టమును తెచ్చి, సాఫ్ట్‌వేరును సార్థకముగా వాడిన వైద్యునికి వృద్ధుల ప్రభుత్వ బీమాయైన మెడికేర్ ద్వారా 44,000 డాలర్ల వరకు ఇచ్చుటకును, 2015 నుండి వాడనివారి చెల్లింపులలో కోత విధించుటకును ఏర్పాటు చేసెను. ధనము పనిచేసినది, కొద్ది యేండ్లలోనే అత్యధికులు తెరముందు కూర్చుండిరి. అయితే విస్టాను అల్లినవారు దానిని వాడువారే. ఈ ప్రైవేటు వైద్యులు తొందరలో కొన్నవి ముఖ్యముగా బిల్లుల లెక్కకు అనువైన అంగడిసరకులు. 2012లో అమెరికా వైద్యసంఘపు పత్రికయందు ఏడేండ్ల బాలిక గీసిన రంగుబొమ్మ యొకటి అచ్చయ్యెను: పరీక్షబల్లపై తాను, కుర్చీలో అక్క, తల్లిచేతులలో పసిచెల్లెలు, వారందరికిని వీపు త్రిప్పి కంప్యూటరును చూచుచున్న వైద్యుడు! 2016లో వెలువడిన ఒక అధ్యయనము ఆ బొమ్మకు లెక్కకట్టినది: రోగితో గడపు ఒక్కొక్క గంటకు దాదాపు రెండు గంటలు కంప్యూటరుకును కాగితములకును పోవుచున్నవి.

మనదేశమున హార్డ్‌హ్యాట్ల మార్గమును త్రొక్కినవారు లేకపోలేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2010 నుండి వాడుచున్న ఐస్మార్ట్ అను రికార్డు విధానము ఆ సంస్థలోనే నిర్మితమైనది; లక్షలాది రోగుల కంటిజబ్బుల తీరును దాని ఆధారముగా పరిశోధకులు పరిశీలింపగలిగిరి. కేంద్రప్రభుత్వము 2013లో రికార్డుల ప్రమాణములను ప్రకటించి, 2016లో సవరించి, 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషనును దేశమంతటికి విస్తరించెను. అందు ప్రతిపౌరునికి లభించు 14 అంకెల ఆభా సంఖ్య ప్లమ్మర్ సంఖ్యకు మునిమనుమడే. ఒకచోట కూర్చినదానికి ఒకచోటనే ఆపదయు వచ్చును: 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబరుదాడి జరిగినపుడు, ఆ మహావైద్యశాల కొన్నిదినములు మరల కలము కాగితములను ఆశ్రయించెను.

ఈ యంత్రములు మన ఊరి ఆసుపత్రికి ఎన్నడు చేరునో గాని, పాఠకుడు అంతవరకు వేచియుండ నక్కరలేదు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారము, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును మూడేండ్లు భద్రపరచవలెను. రోగి కోరినచో 72 గంటలలో దానిని అందజేయవలెను. డిశ్చార్జినాడు బిల్లుతోపాటు కేసు షీటు నకలును అడిగి తీసికొనుడు.