బెజ్జం నిటారుగా పడాలంటే

ఇంట్లో చిన్న పనిశాల పెట్టుకుని డ్రిల్ ప్రెస్ కొనబోయేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న "మోటారు ఎన్ని హార్స్‌పవర్?" అని. ఆ యంత్రపు చరిత్ర తిరగేస్తే, అన్నిటికంటే చివర అడగవలసిన ప్రశ్న అదేనని నాకు తోస్తుంది. మొనను తిప్పే ఉపాయం మనిషికి ఏనాడో చిక్కింది. తిరిగే మొనను పక్కకు జరగనీయకుండా నిలబెట్టడానికే వేల ఏళ్ళు పట్టింది.

బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన కొన్ని దంతాలకు చెకుముకిరాతి మొనతో తొలిచిన బెజ్జాలున్నాయి. వాటి వయసు 7,500 నుంచి 9,000 ఏళ్ళని 2006లో నేచర్ పత్రికలో ప్రకటించారు. పూసలు తొలిచే నేర్పే అక్కడ పళ్ళ వైద్యానికీ అక్కరకు వచ్చిందని ఆ పరిశోధకుల ఊహ. నన్ను అంతకంటే ఆశ్చర్యపరిచేవి సింధు నాగరికత నాటి పొడవాటి కార్నీలియన్ పూసలు. ఆ ఎర్రరాతి పూసల్లో కొన్ని 10 సెంటీమీటర్లకు పైబడినవి. రెండు కొసలనుంచీ తొలుచుకుంటూ వచ్చి నడుమ కలపాలి. మొనలకు వాడిన గట్టిరాతికి, 1935-36లో చన్హుదారో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే పేరిట, తరువాతివారు ఎర్నెస్టైట్ అని పేరుపెట్టారు. కెనోయర్ చేసిన ప్రయోగాలలో ఆ మొన గంటకు దిగినది సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. ఆ లెక్కన 10 సెంటీమీటర్ల పూసకు 40 గంటలు! గీత తప్పితే రెండు బెజ్జాలూ కలవవు. అన్నాళ్ళ శ్రమా వృథా.

మన వడ్రంగుల బరమాదీ అదే కష్టం. ఒకరు దాన్ని నిలబెట్టి పైనుంచి అదుముతుంటే మరొకరు తాడు లాగేవారు. తిప్పడం, అదమడం, నిలపడం - మూడు పనులకూ మనిషి చేతులే ఆధారం. (బరమా పారసీ మాట. డ్రిల్ ప్రెస్‌ను "నిలువు బరమా" అంటే ఎలా ఉంటుందో చదువరులు చెప్పాలి. "రంధ్రీకరణ యంత్రం" అనడం మాత్రం నా వల్ల కాదు.)

ఈ మూడు పనులనూ ఇనుముకు ఎలా అప్పగించారో 19వ శతాబ్దం చివరినాటి అమెరికా కమ్మరి కొలిముల్లో కనిపిస్తుంది. స్తంభానికి బిగించిన చేతిచక్రపు డ్రిల్ అది. పిడి తిప్పితే పళ్ళచక్రాల ద్వారా మొన తిరుగుతుంది. అదే తిప్పుడుకు ఒక మీట లేచి పడుతూ, పైనున్న చక్రాన్ని ఒక్కొక్క పన్ను జరిపి, మొనను కొంచెం కొంచెంగా కిందికి దింపుతుంది. కమ్మరికి మిగిలిన పని పిడి తిప్పడమే!

మొన సంగతీ మారింది. కమ్మరులు సాగగొట్టిన చదునుమొనల స్థానంలో, పొట్టును పైకి తోసే మెలికల మొనకు స్టీఫెన్ మోర్స్ 1863లో పేటెంటు పొందాడు. 1902లో ఆర్థర్ జేకబ్స్ తాళంచెవితో బిగించే చక్‌కు పేటెంటు తీసుకున్నాడు. పాత చక్‌లు బిగిస్తూ వేళ్ళ కణుపులు గీరుకుపోయి విసిగి దాన్ని కనిపెట్టాడంటారు.

ఇక ఎంపిక. మన బజారులో "13 ఎం.ఎం." అంటే పట్టే మొన లావు, అమెరికాలో "12 అంగుళాలు" అంటే మొన నడిమినుంచి స్తంభానికి ఉన్న దూరానికి రెట్టింపు. ఈ రెంటినీ పోల్చి మోసపోకండి. దుకాణంలో కుదురును పూర్తిగా కిందికి దింపి చేత్తో పక్కలకు ఊపి చూడండి. కదిలితే ఎంత మోటారున్నా వద్దు. వంచిన తీగ ముక్కను చక్‌లో బిగించి, చేత్తో తిప్పుతూ దాని కొస బల్లకు నాలుగు వైపులా ఒకే ఎత్తులో ఉందేమో చూడండి. తేడా ఉంటే బల్ల సరిదిద్దుకునే వీలుందో లేదో అడగండి. వేగాలూ చూడాలి. మెత్తటి ఉక్కులో 6 మి.మీ. హైస్పీడ్ మొనకు నిమిషానికి 1,600 చుట్లు చాలు, 12 మి.మీ. మొనకు అందులో సగమే. కనిష్ఠవేగం ఎక్కువగా ఉన్న యంత్రంతో పెద్ద మొనలు కాలిపోతాయి.

కొత్త రేకు యంత్రంకంటే పాత పోతయినుప యంత్రమే నాకు మేలనిపిస్తుంది. అయితే బల్లమీద బెజ్జాల గుంటలు ఎన్నున్నాయో లెక్కపెట్టి మరీ బేరమాడండి.