గింజ లేని విజిల్

సికింద్రాబాద్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఫతే మైదాన్‌కు మ్యాచ్ చూడటానికి వచ్చినప్పుడల్లా ఎర్రజెండా, పచ్చజెండా చంకన పెట్టుకుని వచ్చేవాడు. పోలీసు జట్టు బంతి తీసుకుని ముందుకు కదిలితే పచ్చజెండా ఊపేవాడు. అవతలివాళ్ళు మధ్యగీత దాటితే ఎర్రజెండా లేచేది. జెండాలతో ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా విజిల్‌తోనే. రెఫరీ చూడని ఫౌల్‌కు ఈయనే ఊదేసేవాడు. ఆట ఆగిపోయేది, రెఫరీ తెల్లబోయేవాడు. రెండుసార్లు మెడపట్టినంత పనిచేసి బయటికి పంపారు. మూడోసారి రాజీ కుదిరింది. విజిల్ తెచ్చుకోవచ్చు గానీ లోపలి గింజ తీసేయాలి. గింజ లేకపోతే ఆ గలగల పోయి ఉత్త కూత మిగులుతుంది. ఏది రెఫరీదో ఏది గార్డు సాబ్‌దో ఆటగాళ్ళు పోల్చుకోగలరు. ఆ రాజీలో తాను ఓడిపోయానని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. ‘నా విజిల్‌ని గుర్తుపట్టడం కూడా నేర్చుకున్నారు’ అనేవాడు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి రాసేవాళ్ళు కప్పుల లెక్కతో మొదలుపెడతారు. అదీ న్యాయమే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. 1950లోనే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఇదంతా మా వీధిలో పిల్లలకు ఎక్కాలతో పాటు వచ్చేది. ఐదో రోవర్స్ వచ్చిన మరుసటి ఏడు నేను పుట్టాను కాబట్టి ఆ వైభవం నాకు చెవిన పడ్డదే తప్ప కంట పడ్డది కాదు. నేను చూసింది ఆ వైభవాన్ని నెత్తిన పెట్టుకు తిరిగిన మనుషుల్ని.

మైదానం పేరులోనే ఒక తమాషా ఉంది. 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు సేనలు దిగిన చోటు కాబట్టి ఫతే మైదాన్ అయిందని చెబుతారు. అంటే మనల్ని ఓడించినవాడి గెలుపు పేరును మనమే మూడొందల ఏళ్ళు ముద్దుగా పిలుచుకున్నాం. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. పెద్దవాళ్ళ నోట మాత్రం పాత పేరే నిలిచింది.

పోలీసు జట్టును ప్రేమించడంలోనూ అలాంటి మెలికే ఉండేది. వీధి మలుపులో లాఠీ కనబడితే సైకిల్ దిగి నడిచే మనిషి, సాయంత్రం అదే ఖాకీవాళ్ళను ‘మనోళ్ళు’ అంటూ గొంతు చించుకునేవాడు. ఆ మెలిక మా పెద్దబాపు పుస్తకంలో రాతపూర్వకంగా ఉండేది.

ఆయన ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాడు. ఫుట్‌బాల్‌కూ జమాఖర్చుల పుస్తకమే పెట్టాడు. మనం వేసిన గోల్స్ జమ, మనకు పడ్డవి ఖర్చు. డ్రా అయితే రెండు పక్కలా సరిచేసి కింద గీత గీసేవాడు. అంతా నల్లసిరా, గెలుపుకు మాత్రం ఎర్రసిరా. 1952 పేజీ దగ్గర నాకు సందేహం వచ్చింది. ఆ ఏటి రోవర్స్ విజయం ఒక్కటే పెన్సిల్‌తో రాసి ఉంది. సిరా అయిపోయిందేమో అనుకుని అడిగాను.

“లెక్క తెగని పద్దు బిడ్డా. తెగనిదాన్ని పెన్సిల్‌తోనే రాస్తరు” అన్నాడు.

1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ గొడవల్లో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ నెలంతా పెద్దబాపు ఫుట్‌బాల్ మాట ఎత్తలేదట. కప్పు వచ్చాక రాయకుండా ఉండలేకపోయాడు, ఎర్రసిరాతో రాయడానికి చేయి రాలేదు. కాల్చినవాళ్ళూ ఆడినవాళ్ళూ వేరు కదా అని ఎవరో అంటే, ‘జీతం ఒకే ఖజానా నుంచి కదా’ అన్నాడట. మరుసటి ఏడు మళ్ళీ ఎర్రసిరా కనిపిస్తుంది. పెన్సిల్ పద్దును మాత్రం ఆయన సిరాతో దిద్దలేదు.

జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారి 1961లో డ్యూరాండ్ గెలిచినా ఆయన పుస్తకంలో ‘సిటీ పోలీస్’ అనే ఉంటుంది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్న రోవర్స్‌ను ‘అర కప్పు’ అని రాశాడు. మా అమ్మ అది చదివి చాయ్ బాకీ అనుకుంది.

ఈ జట్టును దిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. భారత జట్టుకు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది ఆయన శిక్షణలోనే. జకార్తాలో ఆ రెండో గెలుపు తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయాడు. ఆయన ఊళ్ళో విచిత్రమైన పోటీలు పెట్టించేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి కాలికి తగలగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకొకదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. ఆటగాళ్ళకు ఇది పాఠం, గార్డు సాబ్ లాంటివాళ్ళకు మాత్రం పండగ. పిల్లవాడు బంతిని అట్టే పెట్టుకుంటే చాలు, గీత బయట కూర్చున్నవాళ్ళంతా గొంతు కలిపి ‘ఏక్, దో, తీన్’ అని లెక్కపెట్టేవారని పెద్దబాపు చెప్పేవాడు. వన్‌టచ్ ఆట హైదరాబాద్ కుర్రాళ్ళకు అబ్బిందంటే అందులో ఆ అరుపుల వాటా కూడా ఉందని నా నమ్మకం.

గోల్ వెనక కూర్చునే బార్కస్ చాచా దారి వేరు. ఆయన అరవడు, తిట్టడు. అవతలి గోల్‌కీపర్‌తో మర్యాదగా మాట కలుపుతాడు. ‘ఏ ఊరు బేటా? అమ్మీ అబ్బా కులాసానా? భోజనమైందా?’ అని అడుగుతూ, సరిగ్గా కార్నర్ కిక్ గాల్లోకి లేచే క్షణాన ‘పెళ్ళయిందా?’ అనేవాడు. ఆట అయ్యాక ఆ గోల్‌కీపర్‌నే వెతుక్కుంటూ పోయి ఇరానీ చాయ్ తాగించేవాడు. అది పశ్చాత్తాపమో మరుసటి మ్యాచ్‌కు పెట్టుబడో నాకు నేటికీ తేలలేదు.

గేటు బయట జామకాయలమ్మే అవ్వ ఒక్క మ్యాచ్ కూడా చూసి ఎరగదు. లోపలి నుంచి వచ్చే హోరు వినే స్కోరు చెప్పేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు టికెట్ కొనే ముందు ఆమెనే అడిగేవారు. “రెండు మనయి, ఒకటి వాళ్ళది. మధ్యల ఒకటి బార్‌కు తగిలింది” అనేది. బార్‌కు తగిలిన సంగతి ఎట్లా తెలుస్తుందంటే, “అందరు ఒక్కసారి ఊపిరి తీసుకుంటరు, ఇడువరు” అంది. ఈ మైదానం గురించి అంతకంటే మంచి వర్ణన నేను ఎక్కడా చదవలేదు.

ఆటగాళ్ళు ఒక్కొక్కరే కలకత్తాకు పోవడం వీళ్ళను బాగా కుంగదీసింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు, ఆ తర్వాత మన హబీబ్. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ వేసిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. పెద్దబాపు అప్పటికి పుస్తకం రాయడం మానేశాడు. అయినా ఆ ఒక్క గోల్‌ను జమ వైపు ఎక్కించి, పక్కన ‘రావలసినది’ అని రాసి పెట్టాడు.

ఆ మధ్య గచ్చిబౌలిలో మనవడితో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్ చూశాను. ఆ జట్టు 2022 మార్చిలో గోవాలో ఐఎస్ఎల్ గెలిచింది. డెక్కన్ లీజన్ అని పేరు పెట్టుకున్న కుర్రాళ్ళు పసుపు జెండాలతో డప్పులతో తొంభై నిమిషాలూ నిలబడే ఉన్నారు. వాళ్ళను చూస్తుంటే గార్డు సాబ్‌కు వారసులున్నారనిపించింది. 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆటగాళ్ళు పోవడం మా తరానికి తెలుసు, జట్టుకు జట్టే లేచిపోవడం ఈ పిల్లలకే దక్కింది.

పెద్దబాపు పుస్తకంలో చెదలు తినగా పదహారు పేజీలు మిగిలాయి. మీ ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెల్లో ఫతే మైదాన్ ఫోటోలుంటే పారేయకండి. ముందు వరసలో ఉన్న ఆటగాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. వెనక గోడెక్కి కూర్చున్నవాళ్ళు ఎవరో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. ఈ ఆదివారమే వెళ్ళి అడిగి, ఫోటో వెనక రాసి పెట్టండి. పెన్సిల్‌తోనైనా సరే.