హకీం సాబ్ పేరు మోస్తున్న వేరు

దిమాగ్‌లోని రక్తనాళాల లోపలి గోడకి ఒకే వరుస కణాల పల్చటి పొర ఉంటుంది. బీపీ ఏళ్ల తరబడి బాదుతుంటే ఆ పొర వాచి, దెబ్బతింటుంది. నాళం మూసుకున్నా చిట్లినా పక్షవాతమే. ఆ రగ్‌లను కాపాడిన దవాల తారీఖులో మన అడవి వేరొకటి ఉంది. తెలుగులో పాతాళగంధి, సర్పగంధి. ఉర్దూలో అస్రోల్. జనం జబాన్‌లో 'పాగల్ కీ దవా'.

అంగ్రేజీ జమానాలో యునానీ తిబ్‌ని సర్కారు చిన్నచూపు చూసింది. ఢిల్లీ హకీం అజ్మల్ ఖాన్ దానికి జవాబుగా వాదనతో సరిపెట్టలేదు. తిబ్బియా కాలేజీ కట్టారు. 1921లో గాంధీజీ దాన్ని ప్రారంభించారు. మన నుస్ఖాలు నిజమైతే ప్రయోగశాలలో నిలబడాలన్నది ఆయన యకీన్. అందుకే జర్మనీలో కెమిస్ట్రీ చదువుతున్న సలీముజ్జమాన్ సిద్దిఖీకి అండగా నిలిచారు. 1927 డిసెంబర్‌లో హకీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. ఫలితం చూడలేదు.

1931లో సిద్దిఖీ అస్రోల్ వేరు నుంచి కొన్ని రసాయనాలు విడదీశారు. ఒకదానికి అజ్మలిన్, మరోదానికి అజ్మలిసిన్ అని పేరు పెట్టారు. ఎహసాన్ మరవకపోవడమంటే అదీ! అదే ఏడు కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు బీపీని, మతిభ్రమను తగ్గిస్తోందని రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన మరీజుల లెక్కలు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో పెట్టాక ప్రపంచం కళ్లు తెరిచింది. 1952లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అదే వేరు నుంచి రిసర్పిన్ తీశారు. నరాల చివర ఉండే నిల్వలను అది ఖాళీ చేస్తుంది, నాళాలు సడలుతాయి.

అసలు ఇంతెహాన్ 1967లో వచ్చింది. అమెరికాలో తీవ్రమైన బీపీ ఉన్న 143 మంది మాజీ సైనికుల్లో కొందరికి రిసర్పిన్ కలిసిన మూడు మందులు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రల వాళ్లలో 27 మందికి పెద్ద ముప్పులొచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలో ఇద్దరికే. బీపీ తగ్గిస్తే గుండె, దిమాగ్ దక్కుతాయనడానికి అది గట్టి సుబూత్.

అలాగని వేరు నూరుకుని తాగేయకండి. మోతాదు మించితే రిసర్పిన్ మనిషిని దిగులులోకి తోస్తుందని డాక్టర్లే చూశారు. అంతకంటే మేలైన మందులొచ్చాక అది వెనక్కి తగ్గింది.

'అన్నీ మన కితాబుల్లోనే ఉన్నాయి' అనేవాళ్లూ, 'అదంతా బక్వాస్' అనేవాళ్లూ ఈ కథలో సగమే చూస్తారు. హకీముల దగ్గర వేరుంది, ఇల్మ్ ఉంది. ఏది, ఎంత, ఎవరికి అన్నది తేల్చింది పరీక్ష. ఆ పరీక్షను కోరింది మాత్రం ఒక హకీమే. యూరప్‌లో గుండె డాక్టర్లు ఓ అరుదైన గుండెలయ జబ్బును పట్టుకోవడానికి నేటికీ అజ్మలిన్ ఇంజక్షన్ వాడతారు. ఆ పేరు ఎవరిదో వాళ్లలో ఎందరికి తెలుసో గానీ, మనకైనా తెలియాలి కదా!