జపనీస్ వ్యాకరణ సాధనాలు: నాగసాకి అచ్చుయంత్రం నుంచి అంతర్జాలం దాకా

జపనీస్ వ్యాకరణాన్ని పరదేశీయులకు నేర్పడానికి తయారైన తొలి పెద్ద పుస్తకం 1604, 1608 మధ్య నాగసాకిలో అచ్చయింది. రాసినవాడు జువావ్ రొద్రిగెస్ అనే పోర్చుగీసు జెసూయిట్ మతగురువు. 1577లో, ఇంకా నూనూగు మీసాల వయసులోనే జపాన్ చేరిన ఈయన అక్కడి భాషను ఎంతగా ఒంటబట్టించుకున్నాడంటే, టొయొటొమి హిదెయొషి, టొకుగావ ఇయెయసు వంటి పాలకుల కొలువుల్లో దుబాసిగా వ్యవహరించాడు. పుస్తకాన్ని అచ్చువేసిన యంత్రం కూడా 1590లో జెసూయిట్ల వెంట యూరప్ నుంచి ఓడలో వచ్చిందే.

రొద్రిగెస్‌కు నమూనాగా దొరికింది లాటిన్ వ్యాకరణం. మానువెల్ ఆల్వరెస్ రాసిన లాటిన్ పాఠ్యపుస్తకాన్ని, జపనీస్ క్రియారూపాలు చేర్చి, 1594లో అమకుసాలో అచ్చువేశారు. జెసూయిట్ పాఠశాలల్లో చదివినవారికి వ్యాకరణమంటే అదే. అందుకే రొద్రిగెస్ జపనీస్ ప్రత్యయాలను లాటిన్ విభక్తుల గళ్లలో సర్దడానికి ప్రయత్నించాడు. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. అయితే పుస్తకం విలువ ఆ గళ్లలో లేదు. క్యోటో మాటకూ ఇతర ప్రాంతాల మాటకూ ఉన్న తేడాలు, ఎవరితో ఏ మర్యాద రూపం వాడాలన్న వివరం, ఉత్తరాలు రాసే పద్ధతి, చివరికి కవిత్వ రీతులు కూడా అందులో ఉన్నాయి. చట్రం పరాయిదైనా చెవి మాత్రం జపనీస్‌కే అప్పగించిన మనిషి రాసిన పుస్తకం అది. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆనాటి మాట్లాడే భాషను తెలుసుకోవాలంటే జపాన్ పండితులే దాన్ని తిరగేస్తారు.

1610లో రొద్రిగెస్ మకావుకు వెళ్లిపోవలసి వచ్చింది. 1620లో అక్కడే ఒక సంక్షిప్త వ్యాకరణం వెలువరించాడు. 1632లో డొమినికన్ గురువు దియెగొ కొల్యాదో రోమ్‌లో మరొకటి లాటిన్‌లో అచ్చువేశాడు. అప్పటికే 1614 నిషేధంతో జపాన్‌లో క్రైస్తవానికి చోటు పోయింది. తర్వాత రెండు శతాబ్దాలకు పైగా దేశం తలుపులు దాదాపు మూసుకునే ఉండడంతో పరదేశీయుల వ్యాకరణ రచన అక్కడితో దాదాపు ఆగిపోయింది.

అసలైన అడుగు ఆ మూసిన తలుపుల వెనకే పడింది. మొతొఒరి నొరినగ (1730–1801) అనే పండితుడు పాత గ్రంథాల నుంచి వాక్యాలు ఏరి, ఏ ప్రత్యయం వాడితే వాక్యం చివరి క్రియ ఏ రూపం తీసుకుంటుందో పట్టికలు కట్టాడు. ఆయన కొడుకు హరునివ ముప్పై దాటిన కొత్తలోనే చూపు కోల్పోయాడు. ఇంటివారితో చదివించుకుని, రాయించుకుని, 1808లో క్రియారూపాల మీద వెలువరించిన గ్రంథం జపనీస్ వ్యాకరణానికి వెన్నెముక అయింది. క్రియలు ఎలా మారతాయో చూపడానికి ఆయన చేతిలో ఉన్న పరికరం జపనీస్ అక్షరాల పట్టిక.

ఆ పట్టిక భారతీయమైన వరుసలో నడుస్తుంది. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సిద్ధం లిపి అధ్యయనం నుంచి అది రూపుదిద్దుకుంది. అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అచ్చులు ఒక దిక్కు. క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరుసలు మరో దిక్కు. గుణింతం వల్లించిన తెలుగువారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. ‘రాయడం’ అనే అర్థమున్న ‘కకు’ క్రియను తీసుకుంటే, కకనై (రాయను), కకిమసు (రాస్తాను), కకు, కకెబ (రాస్తే), కకో (రాద్దాం) అని మారుతుంది. హల్లు కదలదు, గుణింతంలో అచ్చు మాత్రం జరుగుతుంది. ఈ రోజు ఏ వెబ్‌సైటు తెరిచినా కనిపించే క్రియారూప పట్టికకు మూలం ఈ పద్ధతే.

1850ల నుంచి ఓడరేవులు తెరుచుకున్నాయి. దౌత్యవేత్తలూ వ్యాపారులూ వచ్చారు. డబ్ల్యూ.జి. ఆస్టన్ 1869లో మాట్లాడే భాషకు, 1872లో రాత భాషకు వ్యాకరణాలు వెలువరించాడు. 1873లో జపాన్ వచ్చిన బాసిల్ హాల్ చేంబర్లెన్ 1888లో వాడుక భాషకు ఒక కరదీపిక రాశాడు. వీరంతా సమర్థులే, కానీ ఇంగ్లిష్ వ్యాకరణంలోని కర్తను జపనీస్‌లోనూ వెతికారు. జపాన్‌లోనూ ఒత్సుకి ఫుమిహికొ వంటివారు పాశ్చాత్య పద్ధతినీ దేశీయ పద్ధతినీ కలిపి బడి పిల్లల కోసం వ్యాకరణాలు రాశారు. హషిమొతొ షింకిచి సిద్ధాంతం మీద నిలిచిన బడి వ్యాకరణమే నేటికీ అక్కడి పిల్లలు చదివేది. దాని పని వేరు: ఇంటి భాష వచ్చిన పిల్లలకు పాత సాహిత్యం చదివే దారి చూపడం. పరదేశీయులకు అది అక్కరకు రాదు. అందుకే వారి కోసం వేరే పేర్లతో, వేరే విభజనతో రెండో వ్యాకరణం పుట్టుకొచ్చింది. ఒకే క్రియను రెండు పేర్లతో పిలిచే ఈ గందరగోళం ఇప్పటికీ పోలేదు.

కర్త ప్రసక్తిని సూటిగా ప్రశ్నించినవాడు మికమి అకిర (1903–1971). ఆయన వృత్తిరీత్యా గణితం చెప్పిన పాఠశాల ఉపాధ్యాయుడు. 1960లో వచ్చిన ఆయన పుస్తకం పేరే ఒక వాక్యం: ‘జో వ హన గ నగై’. ఏనుగుకు తొండం పొడుగు అని భావం. ఇందులో కర్త ఏనుగా, తొండమా అని ఇంగ్లిష్ వ్యాకరణం చదివినవారు తలపట్టుకున్నారు. జపనీస్‌కు కర్త అన్న భావనే అవసరం లేదని మికమి వాదించాడు. ‘వ’ అనేది దేన్ని గురించి చెబుతున్నామో ముందుంచుతుంది, మిగతాది దాన్ని గురించిన మాట. క్రియ లేకుండానే ‘ఏనుగుకు తొండం పొడుగు’ అనగలిగే తెలుగువారికి ఈ వాదం సులభంగానే ఎక్కుతుంది. విశ్వవిద్యాలయాలు మాత్రం ఆయన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

యుద్ధానంతరం అమెరికాలో ఎలినార్ జోర్డన్ పాఠ్యపుస్తకాలు (1962 నుంచి), సామ్యూల్ మార్టిన్ రాసిన వెయ్యి పుటలకు పైబడిన వ్యాకరణం (1975) వచ్చాయి. విద్యార్థి బల్ల మీద స్థిరంగా నిలిచిన పుస్తకం మాత్రం 1986లో సెయిచి మకినొ, మిచియొ త్సుత్సుయి కూర్చిన ప్రాథమిక వ్యాకరణ నిఘంటువు. ప్రతి ప్రత్యయానికీ ఒక పద్దు, ఉదాహరణలు, దగ్గరి రూపాలతో పోలిక అందులో ఉంటాయి. తర్వాతి అంతర్జాల సాధనాలు వ్యాకరణాన్ని ముక్కలు ముక్కలుగా చూపడం ఇక్కడి నుంచే నేర్చుకున్నాయి.

కంప్యూటరు జపనీస్ నేర్వడానికి 1978 ఒక మైలురాయి. 6,349 కంజీలకు (చైనా నుంచి వచ్చిన అక్షరాలకు) సంకేత సంఖ్యలిచ్చిన ప్రమాణం ఆ ఏడాది వెలువడింది. 1991లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జిమ్ బ్రీన్ ఎడిక్ట్ అనే జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువును ఫైలు రూపంలో ఉచితంగా పంచడం మొదలుపెట్టాడు. 1998లో దానికి వెబ్ రూపం వచ్చింది, 1999 నుంచి జెఎండిక్ట్ పేరుతో మెరుగైన నిర్మాణం దక్కింది. ఈనాటి ప్రసిద్ధ ఉచిత నిఘంటువులు, ఫోన్ యాప్‌లు చాలావరకు దీని మీదే నిలిచాయి.

నిఘంటువు వచ్చినంత తేలికగా వ్యాకరణం రాలేదు. జపనీస్ వాక్యంలో పదాల మధ్య ఖాళీలుండవు. క్రియకు ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ‘తబెససెరరెతకునకత్త’ అన్న ఒక్క మాటకు ‘బలవంతంగా తినిపించుకోవడం ఇష్టం లేకపోయింది’ అని అర్థం. నిఘంటువులో ఉండేది ‘తబెరు’ ఒక్కటే. ఆ పొడుగు మాట నుంచి మూలరూపానికి దారి తెలియని విద్యార్థికి నిఘంటువు చేతిలో ఉన్నా లేనట్టే. పదాలను విడగొట్టే పనికి క్యోటో విశ్వవిద్యాలయంలో జుమన్, నారా విజ్ఞాన సాంకేతిక సంస్థలో చసెన్, తర్వాత మెకాబ్ అనే ప్రోగ్రాములు తయారయ్యాయి. 2000ల నడుమ వచ్చిన రికైచన్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఇంకో దారి పట్టింది. తెర మీది మాటపై మౌస్ పెడితే చాలు, ప్రత్యయాలను వెనక నుంచి ఒక్కొక్కటే ఊడదీసి, మూల క్రియనూ అది దాటివచ్చిన మార్పులనూ చూపేది. వ్యాకరణం పాఠంగా కాక, చదువుతున్న వాక్యంలోనే సాయంగా అందడం అలా మొదలైంది. ఈ చరిత్రలో ఇంతటి మేలు చేసిన చిన్న ఉపాయం మరొకటి కనిపించదు.

ఉదాహరణ వాక్యాల కథ కూడా చెప్పుకోదగ్గది. హ్యోగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు యసుహితొ తనక తన విద్యార్థులు ఒక్కొక్కరికి 300 చొప్పున జపనీస్-ఇంగ్లిష్ వాక్యాల జతలు సేకరించే పని అప్పగించాడు. 2001 నాటికి అవి రెండు లక్షలు దాటాయి. బ్రీన్ వాటిని నిఘంటువుకు జోడించాడు. వాడుతున్న కొద్దీ లోపాలు బయటపడ్డాయి: టైపు తప్పులు, ఒకే వాక్యం పదే పదే రావడం, సహజంగా లేని ఇంగ్లిష్, దానికి కట్టిన అసహజమైన జపనీస్. ఏళ్ల తరబడి స్వచ్ఛంద కార్యకర్తలు దిద్దుతూ పోగా మొత్తం లక్షన్నర దరిదాపులకు తగ్గింది. తర్వాత అవి 2006లో మొదలైన తతొయెబ అనే బహుభాషా వాక్యకోశంలో కలిశాయి. తప్పుల్ని దాచకుండా అందరి ముందు దిద్దే ఈ పద్ధతి అచ్చు పుస్తకానికి సాధ్యం కానిది. అంతర్జాలం వ్యాకరణానికి చేసిన పెద్ద మేలు వేగం కాదు, ఇదే.

వ్యాకరణ వివరణలోనూ 2000ల తొలి ఏళ్లలో ఒక మలుపు వచ్చింది. టే కిమ్ రాసి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉచితంగా ఉంచిన మార్గదర్శి పాఠ్యపుస్తకాల వరుసను తిరగేసింది. తరగతిలో ముందుగా మర్యాద రూపం ‘మసు’ నేర్పుతారు, కొత్తవారు ఎవరినీ నొప్పించకూడదని. కిమ్ నిఘంటు రూపంతో మొదలుపెట్టి, మిగిలినవి దాని నుంచి పుట్టించాడు. ‘వ’, ‘గ’ ప్రత్యయాలను కర్త జోలికి పోకుండా వివరించాడు. మికమి చెప్పిన మాట తరగతి గది కంటే ముందు వెబ్‌లో విస్తృతంగా వినిపించిందనవచ్చు. ఈ మార్గదర్శిలో లోపాలు లేకపోలేదు, ఉపాధ్యాయులు వాటిని ఎత్తిచూపారు కూడా. అయినా లాటిన్, ఇంగ్లిష్ గళ్లను పక్కనబెట్టి లక్షలమంది ముందుకు వెళ్లడానికి అది దారి వేసింది.

జపాన్ ఫౌండేషన్ 1984లో ప్రారంభించిన భాషా సామర్థ్య పరీక్ష సాధనాల రూపాన్ని మరో రకంగా మలిచింది. మొదట నాలుగు స్థాయిలు ఉండేవి, 2010లో అయిదయ్యాయి. పాత పరీక్షకు పదాల, వ్యాకరణ అంశాల జాబితాలతో పుస్తకం ఉండేది. 2010 నుంచి అధికారిక జాబితా ప్రచురించడం మానేశారు. వెబ్‌సైట్లలో ‘ఎన్3 వ్యాకరణం’ అంటూ కనిపించేవన్నీ పాత జాబితాలనూ ప్రచురణకర్తల అంచనాలనూ బట్టి కట్టినవే. చాలామంది వాటిని ప్రభుత్వ ఉత్తర్వులా నమ్ముతారు. జాబితాలకు తోడు, 2006లో డేమియన్ ఎల్మ్స్ జపనీస్ నేర్చుకుంటూ తయారుచేసిన ఆంకి అనే కార్డుల ప్రోగ్రాము వచ్చింది. మరిచిపోయే ముందు మళ్లీ అడిగే దాని పద్ధతి పదాలకు బాగా పనికొచ్చింది. 2010ల చివర్లో బున్‌ప్రో వంటి వెబ్‌సైట్లు దాన్ని వ్యాకరణానికి వర్తింపజేసి, వాక్యంలో ఖాళీ పూరించమని అడగసాగాయి. వట్టి జాబితా కంటే ఇది మెరుగే. కానీ ఒకే ఖాళీలో రెండు ప్రత్యయాలు సరిపోయే చోట, ఒక్కటే జవాబుగా లెక్కించే యంత్రం విద్యార్థికి తప్పు పాఠం చెబుతుంది. వ్యాకరణమంటే ఎంపిక, ఆ ఎంపికకు సందర్భం కావాలి.

ఆ సందర్భాన్ని అందించే పనిని జపాన్ జాతీయ భాషా పరిశోధన సంస్థ తలకెత్తుకుంది. 2011లో పుస్తకాలు, పత్రికలు, ప్రభుత్వ పత్రాలు, అంతర్జాల రచనల నుంచి పది కోట్లకు పైగా పదాలతో సమతుల కోశాన్ని విడుదల చేసింది. ఏ క్రియ ఏ ప్రత్యయంతో ఎంత తరచుగా వస్తుందో వెతికి చూసే పరికరాలు దాని మీద వచ్చాయి. వాటిని రూపొందించిన బృందాలకు, ప్రాథమిక క్రియల కరదీపికకు నాయకత్వం వహించినవారు భారతీయ భాషావేత్త ప్రశాంత్ పర్దేశి. 2012లో టోక్యో విశ్వవిద్యాలయం వారు క్రియారూపాల స్వరాన్ని వినిపించే నిఘంటువునూ, 2016లో జపాన్ ఫౌండేషన్ వారు ‘మినతొ’ పాఠశాలనూ అంతర్జాలంలో తెరిచారు. 2022 చివరి నుంచి సంభాషణ రూపంలో జవాబిచ్చే కృత్రిమ మేధ కూడా వ్యాకరణ సందేహాలు తీరుస్తోంది. తప్పు వివరణను కూడా అది అంతే ధీమాగా ఇస్తుంది కనుక, కోశంలోని నిజమైన వాక్యంతో సరిచూసుకునే అలవాటు ఇప్పుడు ఇంకా అవసరం.

ఈ సాధనాల్లో చాలావాటికి వివరణ భాష నేటికీ ఇంగ్లిషే. క్రియ చివర రావడం, విభక్తి నామం వెనక చేరడం, చెప్పిన మాటను ‘అని’తో ముగించడం తెలుగుకూ జపనీస్‌కూ ఒకటే. అయినా తెలుగు విద్యార్థి తన వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి తలకిందులు చేసి, మళ్లీ జపనీస్‌లోకి తిప్పుకోవలసి వస్తోంది. జెఎండిక్ట్‌లో ఇంగ్లిష్ కాక జర్మన్, ఫ్రెంచ్, రష్యన్, డచ్, స్పానిష్, హంగేరియన్, స్లొవీన్, స్వీడిష్ అర్థాలున్నాయి, తెలుగు లేదు. ఆ నిఘంటువూ తతొయెబ వాక్యాలూ ఎవరైనా తీసుకుని, తమ భాష చేర్చి, తిరిగి పంచగల లైసెన్సుతోనే ఉన్నాయి. జపనీస్ తెలిసిన తెలుగువారు చేపట్టవలసిన పని ఇది.