స్పాట్ నుంచి మిగ్ దాకా: పాత కారు రేకు అతుకుల కథ

అంబాసిడర్ తలుపు తెరిచి, గడప చుట్టూ బిగించిన రబ్బరు పట్టీని మెల్లగా ఊడదీస్తే, రేకు అంచు వెంట వరుసగా చిన్న చిన్న గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. బోల్టు ఉండదు, రివెట్టు ఉండదు, కరిగి పారిన లోహం జాడ కూడా ఉండదు. రెండు రేకుల్ని ఒకటి చేసిన స్పాట్ వెల్డింగ్ గుర్తులవి. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింది సిల్ పెట్టెలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే డబ్బాగా బరువు మోస్తాయి. వాటిని పట్టి ఉంచేది ఆ చుక్కలే.

ఆ చుక్క వెనక చరిత్ర పొడవైనది. రెండు లోహాల్ని ఒత్తిపట్టి, వాటి గుండా భారీ కరెంటు పంపి అతికించే పద్ధతికి ఎలిహూ థామ్సన్ అమెరికాలో పేటెంటు పొందింది 1886లో. రెండు రాగి మొనల మధ్య రేకులు నలుగుతాయి, సెకనులో కొంత భాగమే కరెంటు పారుతుంది. వేడి అంతా రేకులు కలిసేచోటే పుట్టి, అక్కడి లోహం కరిగి గడ్డకడుతుంది. చుట్టుపక్కల రేకు వంగే వ్యవధి కూడా ఉండదు.

అయితే తొలి రోజుల కార్ల బాడీలకు ఈ పద్ధతితో పెద్దగా పని పడలేదు. అప్పట్లో బాడీ కట్టేది గుర్రపు బగ్గీలు చేసిన వడ్రంగులే. కొయ్య చట్రం నిలబెట్టి, దానిమీద రేకు తొడిగి మేకులు కొట్టేవారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఆ బగ్గీల సంప్రదాయం నుంచి వచ్చిన కారే. దాని బాడీని లండన్‌కు చెందిన బార్కర్ కంపెనీ కట్టింది.

ఆ తీరును మార్చినవాడు ఫిలడెల్ఫియాకు చెందిన ఎడ్వర్డ్ బడ్. 1912లో సొంత కంపెనీ పెట్టి, ఇంజనీరు జోసెఫ్ లెడ్వింకాతో కలిసి పూర్తి ఉక్కు బాడీ మీద పట్టుబట్టాడు. 1914లో డాడ్జ్ సోదరులు తమ కొత్త కారుకు ఆ బాడీనే ఎంచుకున్నారు. అచ్చుల్లో ఒత్తిన ఎన్నో రేకు ముక్కల్ని వెల్డింగ్‌తో కలిపితే తయారైన బాడీ అది. కొయ్య లేదు కాబట్టి రంగు పూసి పొయ్యిలో పెట్టి కాల్చవచ్చు. రోజుల తరబడి ఆరబెట్టే పని తప్పింది. నా దృష్టిలో కారును సామాన్యుడి దగ్గరికి చేర్చడంలో ఇంజను పాత్ర ఎంతో ఈ వెల్డింగ్ పాత్రా అంతే, కానీ దానికి దక్కిన పేరు చాలా తక్కువ.

1926లో విలియం మోరిస్, బడ్ కంపెనీ కలిసి ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో ప్రెస్డ్ స్టీల్ కంపెనీ పెట్టారు. 1934లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాన్ వచ్చింది. బడ్ పరిజ్ఞానంతోనే, విడి ఛాసిస్ లేకుండా, వెల్డింగ్ చేసిన డబ్బా బాడీతో పెద్ద ఎత్తున తయారైన కారు అది. తర్వాత మోరిస్ కూడా అదే దారి పట్టింది. 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ బెంగాల్‌లోని ఉత్తరపారాకు చేరి హిందుస్థాన్ అంబాసిడర్ అయింది. 2014 దాకా అక్కడ తయారైంది. తెలుగు నేల మీద కలెక్టరాఫీసు నుంచి టాక్సీ స్టాండు దాకా తిరిగిన ఆ కార్ల గడపల్లో ఉన్నది ఫిలడెల్ఫియాలో మొదలై కౌలీ మీదుగా వచ్చిన పనితనమే.

ఫ్యాక్టరీలో చుక్క పెట్టడానికి పెద్ద యంత్రాలుంటాయి, రేకుల్ని కదలకుండా పట్టే జిగ్గులుంటాయి. రిపేరు షాపులో అవి ఉండవు. అందుకే అక్కడ దశాబ్దాల పాటు రాజ్యమేలింది గ్యాస్ వెల్డింగ్. ఎసిటిలిన్, ఆక్సిజన్ కలిసి మండే మంట 3000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ ఫూషే, షార్ల్ పికార్ దానికి పనికొచ్చే టార్చి తయారుచేశారు. మన టింకరింగ్ షాపులకు ఇది బాగా దగ్గరైన పద్ధతి. కార్బైడ్ మీద నీళ్లు పడితే గ్యాస్ పుట్టే డబ్బా, ఒక ఆక్సిజన్ సిలిండరు, సుత్తి, వెనక ఒత్తిపట్టే డాలీ ఉంటే చాలు, పని నడిచేది.

గ్యాస్‌తో వచ్చే చిక్కు వేడి. మంట నెమ్మదిగా పనిచేస్తుంది, ఈలోగా వేడి చుట్టూ పాకుతుంది. దాదాపు ఒక మిల్లీమీటరు మందం రేకు ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకుని అలలు తిరుగుతుంది. కానీ గ్యాస్ అతుకు మెత్తగా ఉంటుంది. చెయ్యి తిరిగిన మేస్త్రీ దాన్ని డాలీ మీద పెట్టి సుత్తితో సాగదీస్తూ అతుకు ఎక్కడుందో తెలియనంత చదును చేస్తాడు. మిగిలిన పల్లాల్లో ఒకప్పుడు తగరం, సీసం కలిపిన లోహాన్ని కరిగించి, కొవ్వు రాసిన చెక్క గరిటెతో పులిమేవారు. 30 పాళ్లు తగరం, 70 పాళ్లు సీసం ఉన్న మిశ్రమం 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై 255 ప్రాంతంలో పూర్తిగా కరుగుతుంది. ఆ మధ్యలో వెన్నలా మాట వింటుంది. కొత్త కార్ల అతుకుల్నీ ఫ్యాక్టరీలు ఇలాగే కప్పేవి. సీసం ధూళి విషం కనుక దాన్ని గ్రైండరుతో కాకుండా ఆకురాయితోనే అరగదీయాలి. తర్వాత లప్పం వచ్చి ఆ విద్యను పక్కకు నెట్టింది.

మిగ్ వెల్డింగ్ చరిత్ర వేరు. 1941లో నార్త్‌రప్ విమాన కంపెనీలో రస్సెల్ మెరెడిత్ హీలియం వాయువు కవచంలో టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ వెలిగించి టిగ్‌కు దారి వేశాడు. 1948లో బాటెల్ సంస్థలో టంగ్‌స్టన్ బదులు కరిగిపోయే తీగనే వాడారు. అదే మిగ్. 1950లలో చవకైన కార్బన్ డయాక్సైడ్, సన్న తీగ తోడయ్యాక అది పలుచటి రేకుకూ పనికొచ్చింది. కార్ల షాపుల్లోకి దాన్ని లాక్కొచ్చింది మాత్రం కొత్త ఉక్కు. పలుచగా, గట్టిగా ఉండే ఆ ఉక్కు గ్యాస్ మంటకు బలం కోల్పోతుంది. 1979లో అమెరికాలో పుట్టిన ఐ-కార్ సంస్థ మెకానిక్‌లకు మిగ్ నేర్పడం మొదలుపెట్టిన కారణం అదే.

పాత కార్ల ఉక్కు అలాంటిది కాదు, మెత్తటిది. మిగ్ అతుకు ఆ రేకుకంటే గట్టిది, సుత్తికి లొంగదు. అందుకే తలుపు, మడ్‌గార్డు లాంటి కంటికి కనిపించే చోట ఒకేసారి గీత గీసినట్టు మిగ్ లాగితే రేకు పాడవుతుంది. దూరదూరంగా టాకాలు వేసి, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలు నింపుకుంటూ రావాలి. అక్కడ నేర్పున్న చేతిలో గ్యాస్ గానీ టిగ్ గానీ మేలు. సిల్, నేల రేకు లాంటి చోట్ల మిగ్‌కే నా ఓటు. పాత చుక్కల్ని డ్రిల్లుతో తొలిచి, కొత్త రేకుకు బెజ్జాలు పెట్టి, వాటిలో మిగ్‌తో లోహం నింపితే ఫ్యాక్టరీ చుక్కకు దగ్గరి అతుకు వస్తుంది. దీన్నే ప్లగ్ వెల్డింగ్ అంటారు.

ఈ చరిత్రలో ఒక గొప్ప మలుపు ఎమ్జీబీ స్పోర్ట్స్ కారుది. 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ కారు సిల్ ముందు, వెనక మడ్‌గార్డుల లోపలిదాకా వెళ్తుంది. ముందు మడ్‌గార్డు బోల్టులతో ఊడుతుంది, వెనకది వెల్డింగ్‌తో అతికి ఉంటుంది. తుప్పు కనిపించినంత మేర కోసి మాటు వేసిన కార్లు లోపల్లోపలే కుళ్లాయి. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చుల్ని వెతికి తెచ్చి, ఫారింగ్‌డన్‌లో మళ్లీ స్పాట్ వెల్డింగ్‌తో పూర్తి బాడీలే తయారుచేసింది. ఉత్పత్తి ఆగిన ఎనిమిదేళ్లకు కొత్త బాడీ పుట్టింది.

అంబాసిడర్‌కు అలాంటి అదృష్టం ఇంకా పట్టలేదు, మిగిలిన ప్రతి బాడీ విలువైనదే. మీ ఇంట్లో ఒకటుంటే, సిల్ కోసేముందు తలుపుల సందు కొలిపించండి, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప పట్టీ కట్టించండి, బాడీ కింద సమంగా ఆసరా పెట్టించండి. బ్యాటరీ తీగ విప్పించండి. తీసేసిన పాత ముక్కను పని పూర్తయ్యేదాకా పారేయనివ్వకండి. చుక్కలు ఎక్కడ, ఎంత దూరంలో ఉన్నాయో దాని మీదే ఉంటుంది, మేస్త్రీకి అంతకంటే మంచి నమూనా దొరకదు.