స్ట్రెచర్ మీద వెళ్లి, పరుగుకు తిరిగొచ్చిన శోభ

2004 ఆగస్టు 21, ఏథెన్స్. ఒలింపిక్స్ మహిళల హెప్టాథ్లాన్‌లో రెండో రోజు. మన దేశ అథ్లెట్ జె.జె. శోభ విసిరిన జావెలిన్ 44.36 మీటర్ల దూరంలో నేలను తాకింది. ఆ పోటీలోనే ఆమె చీలమండ దెబ్బతింది. అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో ఉన్న ఆమెను స్ట్రెచర్ మీద మైదానం బయటికి మోసుకెళ్లారు. ఏడు ఈవెంట్లలో ఆరు ముగిశాయి. మిగిలింది 800 మీటర్ల పరుగు. శోభ పని అయిపోయిందనే చూసినవాళ్లంతా అనుకున్నారు.

ఆమె తిరిగొచ్చింది. కాలికి గట్టిగా కట్టు కట్టించుకుని గీత దగ్గర నిలబడింది. ట్రాక్ చుట్టూ రెండు రౌండ్లు, 2 నిమిషాల 17.28 సెకన్లు.

ఆ పరుగు విలువేమిటో లెక్క చూస్తే తెలుస్తుంది. హెప్టాథ్లాన్‌లో ప్రతి ఈవెంట్‌కూ పాయింట్లు కడతారు. తొలిరోజు 100 మీటర్ల హర్డిల్స్‌లో 13.53 సెకన్లకు 1046, 200 మీటర్లలో 23.41 సెకన్లకు 1038 వచ్చాయి. రెండో రోజు లాంగ్‌జంప్‌లో 6.36 మీటర్లు దూకి 962 కూడగట్టుకుంది. జావెలిన్ దగ్గర వచ్చినవి 751. మిగతా రెండూ కలుపుకుని ఆరు ఈవెంట్లకు మొత్తం 5311. అక్కడే ఆగిపోయి ఉంటే ఆ 5311 ఎందుకూ కొరగాదు. చివరి పరుగుకు రానివాళ్ల పేరు ఎదుట స్థానం ఉండదు, పూర్తిచేయలేదన్న మాటే ఉంటుంది. కట్టు కట్టిన కాలితో సంపాదించిన 861 పాయింట్లు కలిశాకే మొత్తం 6172 అయింది, 11వ స్థానం దక్కింది. స్వీడన్‌కు చెందిన కరోలినా క్లుఫ్ట్ 6952తో స్వర్ణం గెలిచిన పోటీ అది. అలాంటి పోటీలో పదకొండో స్థానాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా వల్ల కాదు.

నిజానికి జావెలిన్ శోభకు పెద్ద బలం కాదు. ఆమె వేగాన్ని నమ్ముకున్న అథ్లెట్. ఆమెకు పాయింట్లు కురిపించేవి హర్డిల్స్, 200 మీటర్లు, లాంగ్‌జంప్. అదే ఏథెన్స్‌లో, జావెలిన్ ఒక్కటే బతుకుగా చేసుకున్న క్యూబా అమ్మాయి ఓస్లీడిస్ మెనెండెజ్ 71.53 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచింది. హెప్టాథ్లాన్ చేసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. పొద్దున లాంగ్‌జంప్‌లో ఒంటికాలి మీద దేహాన్నంతా పైకి లేపాలి. ఆ కాళ్లతోనే జావెలిన్ రన్‌వే మీదికి రావాలి. చేతిలో ఉండేది 600 గ్రాముల ఈటె. దక్కేవి మూడే మూడు అవకాశాలు.

ఈ ఆటలో బలమంతా భుజానిదే అనుకుంటాం. భుజం పని ఆఖరి క్షణంలో. కుడిచేత్తో విసిరే అమ్మాయి పరుగెత్తుకొచ్చి, చివరి అడుగుల్లో ఒళ్లు పక్కకు తిప్పి, ఎడమకాలిని నేలకు తన్నిపట్టి ఠక్కున ఆగుతుంది. పరుగులో కూడగట్టిన వేగమంతా ఆ ఒక్క కాలి దగ్గర ఆగి, నడుముకీ భుజానికీ ఎక్కి, చేతిలోంచి ఈటెగా బయటికి పోతుంది. ఆ తాకిడి భరించాల్సింది మోకాలూ చీలమండా.

మన ఆడవాళ్లకు జావెలిన్ కొత్తదేమీ కాదు. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో ఎలిజబెత్ డావెన్‌పోర్ట్ రజతం గెలిచింది, 1962లో జకార్తాలో కాంస్యం. 2023లో హాంగ్‌ఝౌలో అన్ను రాణి 62.92 మీటర్లతో స్వర్ణం తెచ్చింది. ఆసియా క్రీడల జావెలిన్‌లో భారత మహిళకు అదే తొలి స్వర్ణం. నీరజ్ చోప్రా పేరు తెలియని ఇల్లు లేదు. డావెన్‌పోర్ట్ పేరు చెబితే ఎవరని అడిగేవాళ్లే ఎక్కువ. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

శోభ 1978 జనవరి 14న, సంక్రాంతి నాడు, కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతంలో పశుపతిహాళ్ అనే పల్లెలో పుట్టింది. తర్వాత సికింద్రాబాద్‌నే తన ఊరు చేసుకుంది. దక్షిణ మధ్య రైల్వేకు ఈ ఊరే కేంద్రం. ఉద్యోగాల కోసం పక్క రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు వీధివీధినా ఉన్నాయి. మన దేశంలో అథ్లెట్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, నెల జీతమిచ్చి ఆట ఆడనిచ్చిన సంస్థ రైల్వే. శోభ కూడా ఆ రైల్వే అథ్లెటే.

ఆమె కాలంలోనే బెంగాల్ నుంచి సోమా బిశ్వాస్ ఉంది. 2002 బుసాన్‌లోనూ, 2006 దోహాలోనూ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో సోమాకు రజతం, శోభకు కాంస్యం. రెండుసార్లూ అదే వరస. కానీ జాతీయ రికార్డు మాత్రం శోభదే. ఏథెన్స్‌కు కొన్ని నెలల ముందు, 2004 మార్చిలో, ఢిల్లీలో ఆమె 6211 పాయింట్లు సాధించింది. 2018లో జకార్తాలో స్వప్నా బర్మన్ ఆసియా స్వర్ణం గెలిచినప్పుడు కూడా స్కోరు 6026 మాత్రమే.

ఇప్పుడు ఆ బాటలో మన అమ్మాయి ఉంది. టీ అమ్మే తండ్రి కూతురు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని. హాంగ్‌ఝౌలో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. స్వప్నను నాలుగంటే నాలుగు పాయింట్ల తేడాతో వెనక్కి నెట్టింది. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 5941తో ఆసియా చాంపియన్ అయింది. శోభ రికార్డుకు ఇంకా 270 పాయింట్ల దూరం. జావెలిన్‌లో ఒక్క మీటరు పెరిగితే సుమారు 19 పాయింట్లు కలుస్తాయి.

సికింద్రాబాద్‌లో క్రీడల బాధ్యత చూసే పెద్దలకు ఒక విన్నపం. ఈ ఊళ్లో ఆడపిల్లలు జావెలిన్ విసరడానికి ఒక మంచి రన్‌వే వేయించండి. దానికి జె.జె. శోభ పేరు పెట్టండి. పక్కన ఒక పలక మీద 6172, 6211 అన్న రెండు అంకెలూ రాయించండి. అవేమిటని అడిగిన పిల్లలకు చెప్పడానికి ఒక మంచి కోచ్‌ని కూడా వేయండి.